పద్నాలుగు సెకన్ల ముక్క

కంప్యూటరు టీచరుకి కోపం రావడం స్కూల్లో ఎవరూ చూడలేదు. ఆవిడకి కోపం లేక కాదు. మనలో చాలామందిమి వచ్చిన కోపాన్ని వచ్చిన చోటే విదిలించుకుని, సాయంత్రానికి మళ్ళీ మామూలు మనుషులమైపోతాం. ఆవిడ దాచుకునే రకం. ఇస్త్రీ మడత నలగకుండా దాచి, సమయం వచ్చినప్పుడు తీసి, దులిపి, తొడుక్కునేది. నలభై ఆరేళ్ళలో అలా దాచినవి మూడో నాలుగో ఉంటాయి. లెక్కల మాస్టారి మీద దాచినది వాటన్నిటికీ పెద్దక్క.

చూడ్డానికి మాత్రం మనిషి మెత్తన. పందొమ్మిదో ఏట టైపు నేర్చుకుని, బస్టాండు వెనక సందులో దరఖాస్తులు నింపిపెట్టే షాపులో పదకొండేళ్ళు కూర్చుంది. అడ్డంగా ఒక గాజు పలక, దానికి అరచెయ్యంత కన్నం, ఆ కన్నం దగ్గర వంగి తమ పేరూ పుట్టిన తేదీ చెప్పుకునే జనం. ఒకరోజు రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఆ కన్నంలోంచి తన ఫోను లోపలికి తోసింది. ఎవరో ఫోన్ చేసి, వచ్చిన అంకెలు చెప్పమంటే చెప్పేసిందట. బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయారు.

"ఎంత మర్యాదగా మాట్లాడాడో తెలుసా అమ్మా," అంది నర్సమ్మ, ఏడవడం కూడా మరచిపోయి. "నా కన్నపిల్లలు కూడా నాతో అంత మర్యాదగా మాట్లాడరు."

ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా దిగబడింది. షాపు మూతపడి హైస్కూల్లో కంప్యూటర్లు నేర్పే ఉద్యోగం దొరికినప్పుడు, మౌసు పట్టుకోవడం ఎవరైనా నేర్పుతారు, నేను మర్యాదస్తుల్ని పట్టుకోవడం నేర్పుతాను అనుకుంది.

అలా పుట్టింది దొంగ పీరియడ్. నెలకొకసారి, భర్త నడిపే కళ్ళజోళ్ళ దుకాణం నుంచి తెచ్చిన లావుపాటి నల్ల ఫ్రేము ముక్కు మీద పెట్టుకునేది. అది పెట్టుకున్నంతసేపూ ఆవిడ టీచరు కాదు, దొంగ. తియ్యగా, నెమ్మదిగా, మేలు కోరే గొంతుతో అబద్ధాలు చెప్పేది. పిల్లలు ఒక్కో అబద్ధాన్నీ పట్టుకుని "మోసం" అంటూ బల్ల చరచాలి. ఆ పీరియడ్ ఉన్న రోజు ఎనిమిదో తరగతిలో జ్వరాలు కూడా తగ్గిపోయేవి.

ఏ రోజైనా స్కూలుకి రాని పిల్లల కోసం, కంప్యూటరు ల్యాబులో జరిగే ప్రతి పాఠాన్నీ గోడకున్న చిన్న కెమెరా రికార్డు చేసేది. తేదీల వారీగా అన్నీ ల్యాబు మూలనున్న కంప్యూటర్లో ఉండేవి, టీచర్లలో ఎవరైనా తీసి చూసుకోవచ్చు. వర్షాలకి తన గది కారడం మొదలైనప్పటి నుంచి లెక్కల మాస్టారు కూడా ల్యాబులోనే లెక్కలు చెబుతున్నారు.

ఆ మాస్టారికి వారానికి రెండు పీరియడ్లు తక్కువ పడుతున్నాయి. అవి కంప్యూటర్ల దగ్గర వృథాగా పడి ఉన్నాయని ఆయన బాధ. "పిల్లలకి ఫోను నొక్కడం మనం నేర్పాలాండీ? ఊయల్లోంచే నొక్కుతున్నారు," అనేవారు స్టాఫ్‌రూములో, ఆవిడ వినేలా, ఆవిడ వైపు చూడకుండా. పదో తరగతి ఫలితాలు పడిపోతున్నాయి, కంప్యూటరు పీరియడ్లు తీసేసి లెక్కలకి ఇవ్వండి అని హెడ్‌మాస్టరుకి కాగితం పెట్టారు. హెడ్‌మాస్టరు తేల్చే మనిషి కాదు. తల్లిదండ్రుల మీటింగులో చేతులెత్తించి చూద్దాం అన్నారు. కంప్యూటరు పీరియడ్లు పోతే టీచరు ఉద్యోగమూ వాటితోపాటే పోతుందని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

మీటింగు మూడు వారాలుందనగా, ఒక ఉదయం తల్లిదండ్రుల ఫోను గ్రూపులో మాస్టారు ఒక వీడియో పెట్టారు.

పద్నాలుగు సెకన్లు. నల్ల జోడు పెట్టుకున్న టీచరు, తేనె పూసిన గొంతు. "మీ పాస్‌వర్డు నాకు చెప్పండి నాన్నా, భయమెందుకు? అమ్మకీ నాన్నకీ చెప్పక్కర్లేదు, వాళ్ళకి ఇవన్నీ అర్థం కావు. వచ్చిన ప్రతి లింకూ నొక్కండి. నొక్కితేనే కదా తెలిసేది." దానికి ముందు ఆవిడ జోడు తీసి పెట్టుకోవడం ఆ ముక్కలో లేదు. ఆ తర్వాత పిల్లలు బల్లలు విరిగేలా చరచడమూ లేదు. కింద మాస్టారి రాత: "విమర్శ కాదు, విన్నపం మాత్రమే. పెద్దలు గమనించగలరు." పక్కన దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మ.

వీడియో సంగతి అలా ఉంచండి. ఆవిడకి కడుపులో మంట పెట్టింది ఆ దణ్ణం.

మధ్యాహ్నానికి రెండు వందల పన్నెండు కుటుంబాలు చూశాయి. ఇద్దరు తల్లులు వచ్చి, ఆ పీరియడ్లో మా పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టండి అన్నారు. పాలు పోసే అతను గిన్నె అందిస్తూ, "మేడం, నా పాస్‌వర్డు కూడా చెప్పమంటారా?" అని పళ్ళికిలించాడు. భర్త దుకాణానికి జనం వచ్చి, మేడం పెట్టుకున్న ఫ్రేము ఉందా అని అడిగారట. ఇద్దరు కొన్నారు కూడా. ఆ సంగతి ఆయన భార్యకి నాలుగు రోజుల దాకా చెప్పలేదు.

ఇంట్లో అత్తగారు ఫోను కళ్ళకి ఆనించుకుని రెండుసార్లు చూసింది.

"ఇది నువ్వేనా?"

"నేనే అత్తయ్యా."

"ఇలాంటి మాటలెందుకన్నావే?"

"అది దొంగ వేషం. ముందూ వెనకా కోసేసి మధ్య ముక్క పెట్టాడు."

"కోసినవాడు ఏం చేస్తుంటాడు?"

"లెక్కలు చెప్తాడు."

"పెళ్ళాం ఉందా?"

"ఉంది."

"పాపం," అంది అత్తగారు. కాసేపాగి, "ఊరుకుంటావా?" అంది.

"ఊరుకోను."

"మంచిది," అని ఆవిడ మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

భర్త మాత్రం సూటిగా ఆలోచించే మనిషి. "మొత్తం పాఠం నీ దగ్గర ఉందిగా. గ్రూపులో పెట్టెయ్. అయిపోతుంది."

"అదే నా బాధ," అందావిడ. "అయిపోతుంది. ఆయన 'అయ్యో, గమనించలేదు' అని ఇంకో దణ్ణం బొమ్మ పెడతాడు. అందరూ బొటనవేళ్ళ బొమ్మలు పెడతారు. నాకు బొటనవేళ్ళు వద్దు. ఆయన మొహం ఎదురుగా కావాలి. చుట్టూ జనం కావాలి."

"అప్పటిదాకా నిన్ను అందరూ..."

"అనుకోనీ."

హెడ్‌మాస్టరు కూడా పిలిచి, మొత్తం వీడియో ఇస్తే నేనే గ్రూపులో పెడతానమ్మా అన్నారు. "వద్దులెండి సార్, మీటింగులో మాట్లాడుకుందాం," అంది ఎంతో వినయంగా. ఆవిడ ఎంత పెద్దమనసు చేసుకుందో అని ఆయన రోజంతా మెచ్చుకున్నారు. పాపం, ఆయనకి మనుషుల సంగతి తెలియదు.

మర్నాటి నుంచి రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి అందరికీ కనపడే పని. తన పీరియడ్లలో కొత్త పాఠం ఎత్తుకుంది, పేరు "ముక్క-మొత్తం". వాతావరణ వార్తలోంచో, డ్రిల్లు మాస్టారి ఈల క్లాసులోంచో పది సెకన్లు కోసి పిల్లలకి చూపించేది. దీనికి ముందు ఏముంది, తర్వాత ఏముంది, కోసినవాడికి ఏం కావాలి? ఈ మూడూ అడగకుండా ఎవరికీ పంపకూడదు. పిల్లలు వారం తిరిగేసరికి ఆరితేరిపోయారు. ఇళ్ళలో నాన్నలు చూపించే ప్రతి వీడియోకీ అడ్డం పడుతున్నారని కబుర్లు వచ్చాయి.

రెండోది ఎవరికీ కనపడని పని. నాలుగింటికి బెల్లు కొట్టాక, చెవులకి తీగలు పెట్టుకుని, మూల కంప్యూటరు ముందు కూర్చుని, లెక్కల మాస్టారి పాఠాలు వినడం. ముప్పై నాలుగు పాఠాలు. ఆయన మాటల్లోంచి తనక్కావాల్సిన పది సెకన్లు ఎక్కడో ఒకచోట దొరక్కపోవు. మాట్లాడే ప్రతి మనిషిలోనూ దొరుకుతాయి, ఓపిక ఉండాలి అంతే.

ఇక్కడ ఆవిడకి ఊహించని దెబ్బ తగిలింది. మాస్టారు పాఠం బాగా చెబుతారు. ఒట్టు, చాలా బాగా చెబుతారు. భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు కిందదాన్ని ఎందుకు తిరగేస్తారో ఆవిడకి ముప్పై ఏళ్ళుగా తెలియదు. తిరగెయ్యమన్నారు, తిరగేసింది. పదహారో పాఠంలో మాస్టారు ఒక తాడు ముక్క తీసి, సగం మీటరులో పావు మీటర్లు ఎన్ని అని అడిగారు. ఆవిడ తనకి తెలియకుండానే "రెండు" అంది, ఖాళీ గదిలో, పైకి. వెంటనే చుట్టూ చూసుకుంది. పగ పట్టిన మనిషికి పగవాడి దగ్గర కొత్త విషయం నేర్చుకోవడం కన్నా అవమానం ఇంకోటి లేదు. ఆ రోజు పదిహేడో పాఠం తెరవకుండానే కంప్యూటరు కట్టేసి ఇంటికెళ్ళింది.

తొమ్మిదో రోజు దొరికింది. ఇరవై ఏడో పాఠం. విని, వెనక్కి తిప్పి, మళ్ళీ విని, కుర్చీలో వెనక్కి వాలి, అరగంట అలాగే కూర్చుంది. ఆ అరగంటా ఆవిడ మొహం చూసిన వాళ్ళెవరూ లేకపోవడం మంచిదే అయింది.

మీటింగులో పాఠం చూపించడానికి ఒక అమ్మాయిని ఎంచుకుంది. ఎనిమిదో తరగతి. ఏ మాట చెప్పినా ఎందుకు అని అడుగుతుందని క్లాసంతా ఆ పిల్లని "ఎందుకు" అనే పిలిచేవారు. రిహార్సల్లో 'ఎందుకు' లాప్‌టాప్ ముందు కూర్చుని, మొదట ముక్క వేసి, మూడు సెకన్లాగి, మొత్తం వేసింది. సాఫీగా జరిగిపోయింది.

"ఇది చూపిస్తున్నట్టు లెక్కల మాస్టారికి చెప్పారా మేడం?"

"చెప్తాను."

"ఎప్పుడు?"

"టైం వచ్చినప్పుడు," అంది టీచరు. అబద్ధం కాదు. దొంగ పీరియడ్లో అయితే మాత్రం పిల్లలు బల్ల చరిచేవారే.

మీటింగు రోజు పైఅంతస్తు హాల్లో కుర్చీలు చాలలేదు. వెనక కొందరు తండ్రులు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ముందు లెక్కల మాస్టారు మాట్లాడారు. ఫలితాల పట్టిక చూపించారు. చివర్లో కొంచెం గొంతు తగ్గించి, "టీచరుగారి మీద నాకే కోపమూ లేదు. మంచావిడ. మంచితనం వేరు, పాఠం వేరు," అన్నారు. చాలామంది తలలూపారు. ముందు వరసలో ఉన్న ఇద్దరు తల్లులు ఆవిడ వైపు జాలిగా చూశారు. ఆ జాలిని కూడా ఆవిడ మడతపెట్టి లోపల దాచుకుంది.

చేతులెత్తే ముందు కంప్యూటరు క్లాసుకి పది నిమిషాలిచ్చారు. 'ఎందుకు' లేచి నిలబడింది.

"మేం ముక్క-మొత్తం అనే పాఠం నేర్చుకున్నాం. ముందు ముక్క చూపిస్తాం," అని మీట నొక్కింది.

తెర మీద లెక్కల మాస్టారు, చేతిలో సుద్దముక్క, మొహం నిండా నవ్వు. "లెక్క రాకపోతే బెంగెందుకురా? పక్కవాడి పేపరు ఎక్కడికి పోతుంది? మెడ కొంచెం తిప్పు, చూసి రాసేయ్. నేనూ అలాగే ఇంతవాణ్ణయ్యాను. సారు చూడరు, సారుకి నిద్రొస్తుంది." పదకొండు సెకన్లు. తెర నల్లబడింది.

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి, తలలన్నీ మాస్టారి వైపు తిరిగాయి.

వెనక గోడకి ఆనుకున్న బస్సు డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "అంటే మాస్టారూ, మావాడికి లెక్కల్లో తొంభై రెండొచ్చింది. అది కూడా మెడ తిప్పేనాండీ?"

కొందరు నవ్వారు. ముందు వరసలో ఒక తల్లి నవ్వలేదు. "నేను మావాణ్ణి మీ దగ్గరికే ట్యూషనుకి కూడా పంపుతున్నాను," అంది.

'ఎందుకు' రెండో మీట మీద వేలు పెట్టి టీచరు వైపు చూసింది. టీచరు అరచెయ్యి నడుం దగ్గర కొంచెం పైకెత్తింది. ఆగు.

మొదటి నిమిషం మాస్టారు నవ్వుతూనే ఉన్నారు. "అది సరదాకి ఏదో... పాఠంలో భాగం," అన్నారు.

"ఏ పాఠమండీ, కాపీ కొట్టే పాఠమా?" అని ఇంకెవరో అన్నారు.

రెండో నిమిషంలో నవ్వు ఒక పక్కకి జారిపోయింది. ఆయన హెడ్‌మాస్టరు వైపు చూశారు. హెడ్‌మాస్టరు తన పెన్ను మూత వైపు చూసుకున్నారు. మూడో నిమిషంలో ఆయన జేబురుమాలు తీశారు. 'ఎందుకు' మళ్ళీ టీచరు వైపు చూసింది. టీచరు ఆ పిల్ల కళ్ళలోకి చూడలేదు. మాస్టారి మెడ మీద చెమట ఎలా దిగుతోందో చూస్తోంది. ఇరవై రోజులు దాచుకున్నది ఒక్క నిమిషంలో ఖర్చుపెట్టేసే మనిషి కాదు కదా.

"మాస్టారూ, మీరు చెప్పండి," అంది చివరికి, దొంగ పీరియడ్ గొంతుతో, ఎంతో మర్యాదగా. "ఆ మాటలు మీవేనా?"

"మాటలు నావే. కానీ..."

"మొహం మీదేనా?"

"నాదే. కానీ అది మొత్తం కాదు. ముందూ వెనకా కోసేసి మధ్యలో నాలుగు మాటలు చూపిస్తే ఎవడైనా దొంగలాగే కనపడతాడు."

"ఏమన్నారు? వెనక నిలబడ్డవాళ్ళకి వినపడలేదు."

మాస్టారు ఆవిడ మొహం చూశారు. అప్పుడర్థమైంది ఆయనకి. లెక్కల మనిషి, ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చి ఆగిందో ఒక్కసారే కనపడిపోయింది. కానీ హాలంతా ఎదురుచూస్తోంది. బయటపడాలంటే ఆ మాట మళ్ళీ అనాల్సిందే.

"ముందూ వెనకా కోసి చూపిస్తే," అన్నారు, ఈసారి కొంచెం పైకి, "ఎవరైనా దొంగలాగే కనపడతారు."

"మైకులో చెప్పండి మాస్టారూ, పెద్దలు గమనించగలరు."

ఆయన మైకు తీసుకున్నారు. ఆ వాక్యం మూడోసారి చెప్పారు. హాల్లో ఆ చివరి కుర్చీ దాకా స్పష్టంగా వినపడింది.

"వేయమ్మా," అంది టీచరు.

'ఎందుకు' వెంటనే నొక్కింది. తెర మీద మాస్టారు: "మా క్లాసులో ఒక మహానుభావుడుండేవాడు. పరీక్షకి ముందు నా భుజం మీద చెయ్యేసి ఏమనేవాడో తెలుసా?" ఆ తర్వాత ఆ పదకొండు సెకన్లు. ఆ తర్వాత, "ఇంతవాడంటే ఎంతవాడు? అదే క్లాసులో మూడేళ్ళున్నాడు. మూడో ఏడు నా పేపరు చూసే రాశాడు. నేను కావాలనే తప్పు రాశాను." తెర మీద పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. హాలు కూడా నవ్వింది. డ్రైవరు అందరికన్నా గట్టిగా నవ్వాడు, తొంభై రెండు మార్కులు చేజారిపోలేదు కదా.

మాస్టారు ఊపిరి వదిలారు. టీచరు వదలనిచ్చింది, పూర్తిగా. అప్పుడు, "ఇంకో మొత్తం కూడా ఉందమ్మా," అంది.

తెర మీద టీచరు. సంచిలోంచి నల్ల జోడు తీసి, తుడిచి, "పిల్లలూ, ఇప్పుడు నేను దొంగని, పట్టుకోండి," అని ముక్కు మీద పెట్టుకుంది. తర్వాత అందరికీ కంఠతా వచ్చిన పద్నాలుగు సెకన్లు. ఆఖరి మాట పూర్తవగానే ముప్పై ఎనిమిది జతల చేతులు బల్లల మీద పడ్డాయి. మోసం. మోసం. మోసం.

ఈసారి ఎవరూ నవ్వలేదు. తమ పిల్లలు బల్లలు చరుస్తుంటే వాళ్ళ మొహాల్లో ఉన్న హుషారు చూస్తూ ఉండిపోయారు.

"అయితే మాకు పంపిందీ ముక్కేనన్నమాట," అన్నాడు డ్రైవరు, ఎవరినీ ఉద్దేశించకుండా, అందరూ ఒకవైపే చూసేలా.

చేతులు ఎత్తారు. పీరియడ్లు కంప్యూటర్లకే ఉండిపోయాయి. మాస్టారి వైపు ఎత్తినవి ఏడు చేతులు, వాటిలో ఒకటి ఫ్యాను ఆపమని ఎత్తింది. ముందు వరస తల్లి లేచి, ఆ దొంగ పాఠం మాక్కూడా నెలకొకసారి చెప్తారా అని అడిగింది. టీచరు ఒప్పుకుంది, కాస్త ఆలోచించినట్టు నటించి.

జనం మెట్లు దిగుతుంటే మాస్టారు దగ్గరికొచ్చారు. "పొరపాటైంది టీచరుగారూ," అన్నారు. చేతులు జోడించబోయి, ఎందుకో మానేశారు. "గ్రూపులో కూడా రాస్తాను."

"రాయండి. మొత్తం వీడియో జోడించి రాయండి."

"అలాగే." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "నా పాఠాలు మీరు... ఎన్ని విన్నారు?"

"అన్నీ."

"ముప్పై నాలుగూ?"

"ముప్పై నాలుగూ," అంది తృప్తిగా. బాగా చెప్తారు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ ముప్పై నాలుగింటిలో ఇంకేమేం అని ఉంటానా అని ఆయన కొన్నాళ్ళు గుర్తు చేసుకుంటూ ఉండాలి. ఆ మెచ్చుకోలు వచ్చే ఏడాది చెప్పొచ్చు, తొందరేం లేదు.

హాలు ఖాళీ అయింది. 'ఎందుకు' లాప్‌టాప్ తీగ చుడుతోంది.

"మేడం, రిహార్సల్లో మూడు సెకన్లే ఆగాం కదా. ఇవాళ నాలుగు నిమిషాలు ఆపారు. ఎందుకు?"

టీచరుకి రెండు మూడు మంచి జవాబులు తోచాయి. పెద్దలు ఆలోచించుకోవాలని అనొచ్చు. మాస్టారితోనే చెప్పించాలని అనొచ్చు. రెండూ చాలావరకు నిజమే. కానీ ఎదురుగా ఉన్నది, చాలావరకు నిజమైన వాటిని పట్టుకోవడం తన దగ్గరే నేర్చుకున్న పిల్ల.

"హాయిగా ఉందే," అంది. "అందుకు."

ఆ పిల్ల కాసేపు ఆవిడని తేరిపార చూసింది.

"మాస్టారికి?"

"అస్సలు లేదు."

'ఎందుకు' ఇంకేం అడగలేదు. తీగని సంచిలో పెట్టి, జిప్పు లాగింది. టీచరు చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు ఇంటికి చేరేదాకా తగ్గలేదు. గుమ్మంలో అత్తగారు ఎదురొచ్చి ఏమైందని అడిగితే, మొదటి నుంచీ చివరిదాకా, ఒక్క ముక్క కొయ్యకుండా, రెండుసార్లు చెప్పింది.